పాడుబడ్డ మేడ ఎక్కే ముందు, దాని కిందికెళ్లి పైకి చూడు

ప్రశ్న: సార్, మాది ఒంగోలు దగ్గర. చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఉద్యోగం, తొరైపాక్కంలో రూమ్. మేం నలుగురం ఆదివారాలు పాత మేడలు, మూతపడ్డ గోడౌన్లు తిరిగి ఫొటోలు తీసుకుంటూ ఉంటాం. పోయిన నెల జార్జ్‌టౌన్‌లో మన్నడి వైపు ఎవరూ ఉండని ఒక పాత ఇంట్లో, పై గదిలో మా వాడి కాలు మోకాలి దాకా నేలలోకి దిగిపోయింది. గీసుకుపోయిందంతే, ఏం కాలేదు. మేమేం చూసుకోకుండా నడవం సార్. గోడ పక్కనే నడుస్తాం, కర్రతో కొట్టి చూస్తాం, ఒకడు మడమతో గట్టిగా తన్నాకే మిగతావాళ్లం వెళ్తాం. అయినా ఇలా అయ్యింది. నేల గట్టిదో కాదో తెలుసుకునే దారి ఏదైనా ఉందా? మానేయమని మాత్రం చెప్పకండి, ఇంట్లో ఆ మాట రోజూ వింటున్నా.

సమాధానం: తమ్ముడూ, మానేయమని చెప్పనులే, చెప్పినా వినే రకంలా లేవు. కానీ "గీసుకుపోయిందంతే" అన్న చోట నా ఒళ్లు జలదరించింది. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో పాత ఇళ్లకు రిపేర్లు చేయిస్తున్నవాణ్ణి, ఆ గది నాకు కళ్లకు కట్టింది. మీవాడి కాలు దిగిన కన్నం చుట్టూ ఇంకో మూడు నాలుగు అడుగుల నేల కూడా ఊడిపోవడానికి రెడీగానే ఉండి, ఆ రోజుకు ఎందుకో ఊరుకుంది. మీ నలుగురూ వాణ్ణి లాగడానికి ఆ కన్నం చుట్టూ చేరే ఉంటారు కదా? చేరే ఉంటారు.

మీరు చెప్పిన మూడు పద్ధతులూ చెక్క పలకల నేలకు చెప్పేవి. చలిదేశాల వాళ్ల వీడియోల్లో చూసి నేర్చుకున్నట్టున్నారు. అక్కడ ఇళ్లలో నేలంటే దూలాల మీద పలకలు, పలక పుచ్చితే కిర్రుమంటుంది, కాస్త కుంగుతుంది, మనిషికి ఒక క్షణం టైమిస్తుంది. మన్నడి, షావుకారుపేట, ట్రిప్లికేన్, మైలాపూర్ పాత మేడల్లో ఉండేది అది కాదు. దాన్ని ఇక్కడ మెడ్రాస్ టెర్రస్ అంటారు, ఈ ఊరి పేరే దానికి పెట్టారు. అదేమిటో తెలిస్తే నీ ప్రశ్నలో సగానికి నువ్వే జవాబు చెప్పుకోగలవు.

ఒక గోడ నుంచి ఎదురు గోడకు టేకు దూలాలు వేస్తారు, అడుగు, అడుగున్నర ఎడంతో. వాటి మీద చిన్న చిన్న పలచటి ఇటుకలు, పడుకోబెట్టి కాదు, అంచు మీద నిలబెట్టి, దూలాలకు ఐమూలగా, సున్నంతో ఒకదానికొకటి అతికించుకుంటూ పోతారు. కింద సెంట్రింగ్, అంటే ఆరేదాకా మోసే చెక్కల ఊత, ఉండదు, ఒక వరస ఆరాక ఇంకో వరస దాన్ని పట్టుకుని నిలబడుతుంది. ఆ పైన ఇటుక ముక్కలూ సున్నం కలిపిన కాంక్రీటు మూడంగుళాల దాకా పోసి, చెక్క బ్యాట్లు పట్టుకుని వరసగా కూర్చుని రోజుల తరబడి కొట్టేవాళ్లు. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు. ఆ పైన పలక పెంకులు రెండు మూడు వరసలు. అంతా కలిపి ఏడెనిమిది అంగుళాల మందం. (ఇంత పనితనం ఇప్పుడు ఎంత డబ్బిచ్చినా దొరకడం కష్టం, అది వేరే బాధ.)

ఇప్పుడు లెక్క చూడు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గదికి ఆ నేల ఒక్కటే మూడు టన్నులకు పైన తూగుతుంది. దాని మీద నువ్వు డెబ్బై కిలోలు. అంటే ఆ నేలను కూల్చేది నీ బరువు కాదు, రాత్రీ పగలూ దాని సొంత బరువే దాన్ని లాగుతోంది, అది ఎక్కడో ఒక తుప్పు మేకు మీదో, పుచ్చిన చెక్క మీదో ఆగి ఉంది. అలా ఆగి ఉన్నదాన్ని మడమతో తన్నితే ఏం తెలుస్తుంది? తన్నినప్పుడు, ఎగిరి దూకినప్పుడు మనిషి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ పడుతుంది. మొదటివాడు తన్నిన దెబ్బకు లోపల సున్నం పట్టు వదిలేస్తుంది, పైకేమీ కనిపించదు, "గట్టిగానే ఉందిరా" అంటాడు, రెండోవాడు మామూలుగా నడిచి కిందికి పోతాడు. కర్రతో కొట్టడమూ అంతే. పైన పెంకు బాగుంటే టంగుమంటుంది, కింద దూలం బూడిదైపోయినా సరే. ఇటుకా సున్నమూ చెక్కలాగా కిర్రుమని ముందు చెప్పవు.

ఇక గోడ పక్కన నడవడం. మంచి నేలైతే ఆ సలహా తప్పు కాదు, నడి మధ్యకంటే ఆధారం దగ్గర వంపు తక్కువ. కానీ పాడుబడ్డ మెడ్రాస్ టెర్రస్‌లో దూలం ముందు పుచ్చేది ఎక్కడ? గోడలోకి దూరిన కొసలో. వాన నీళ్లు గోడలోకి ఇంకుతాయి, గోడ నెమ్ము పడుతుంది, ఆ నెమ్ములో దూలం కొస ఏళ్ల తరబడి గాలి తగలకుండా నానుతుంది. మధ్యలో చూస్తే దూలం నిగనిగలాడుతూ ఉంటుంది, కొస మాత్రం పిండి. మీరు నాలుగు గోడల్లో ఏ గోడ పక్కన నడుస్తున్నారో చూసుకున్నారా? దూలాలు ఆనే గోడలు రెండు, ఆనని గోడలు రెండు. అది పైనుంచి తెలియదు.

నా సంగతే చెప్తాను, ఇరవై ఏళ్లు దాటింది. ట్రిప్లికేన్‌లో ఒక ఇల్లు, పదేళ్లుగా తాళం వేసి ఉంది, వారసులు బాగుచేయించాలా పడగొట్టాలా చూసి చెప్పమన్నారు. నేను నేరుగా మేడెక్కాను, పెద్ద ఇంజనీరు కదా. మా మేస్త్రిది కావలి, నాకంటే పదేళ్లు పెద్ద, కిందే ఆగిపోయి తల పైకెత్తి చూస్తున్నాడు. పై గదిలో ఒక మూల తర్వాతెప్పుడో కట్టిన బాత్రూమ్, దాని గోడ పక్కగా నడుస్తుంటే కింద నుంచి కేక, "సార్, ఆ పక్కకు పోవద్దు, ఆడ దూలాలు గోడని వదిలేసినాయి!" అప్పటికే ఒక అడుగు వేశాను. లిఫ్టు ఆగేటప్పుడు చిన్న కుదుపు వస్తుందే, అట్లా నేల ఒక అంగుళం దిగి ఆగింది. చప్పుడు కూడా లేదు. అక్కడే కూర్చుని, వెనక్కి పాక్కుంటూ వచ్చాను, సిగ్గు ఎగ్గు లేకుండా. తర్వాత నిచ్చెన వేసుకుని కింద నుంచి చూస్తే మూడు దూలాల కొసలు కాఫీ పొడిలా ఉన్నాయి, స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. అవే దూలాలు మధ్యలో ఎంత బాగున్నాయంటే, తర్వాత ఒక వడ్రంగి వచ్చి తలుపులు చేయడానికి కొనుక్కుపోయాడు.

అప్పటి నుంచి నాకు ఒకటే అలవాటు. పై అంతస్తు నేల గురించి ఏ నిర్ణయమైనా కింది గదిలో నిలబడి తీసుకుంటాను. కింది గదిలోకి కూడా తలుపు దగ్గరే ఆగి, టార్చి వేసి, పైకి చూశాకే వెళ్తాను, ఎందుకంటే అది కూలితే పడేది నా నెత్తినే.

కింద నుంచి ఏం చూడాలి అంటే, ముందు నీళ్లు. ఇంట్లోకి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో కనిపెడితే సగం పని అయిపోయినట్టే. ఈ ఊళ్లో ఏడాది వానలో సగం పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే కొడుతుంది, పాడుబడ్డ ఇంట్లో గొట్టాలు ఆకులతో, పావురాల పెంటతో పూడిపోయి ఉంటాయి, మేడ మీద నీళ్లు నిలుస్తాయి. పదడుగుల గది మీద ఒక్క అంగుళం నీళ్లు నిలిస్తే దాదాపు 235 కిలోలు, అది కాక సున్నం కాంక్రీటు తాగే నీళ్లు. కాబట్టి కింద నుంచి చూసినప్పుడు గోధుమ రంగు చారలు, వలయాలు, తెల్లగా ఉప్పు పొంగిన చోట్లు, ఇటుకల మధ్య సున్నం రాలి సందులు పడ్డ చోట్లు, ఇవి ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకో. గోడకూ పైకప్పుకూ మధ్య మూలలో రావి మొక్క మొలిచి ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, అక్కడ నీళ్లున్నాయి, దాని వేళ్లు గోడను చీలుస్తున్నాయి, దూలం కొస ఆ చీలికలోనే ఉంది. పాత బాత్రూమ్, వంటిల్లు, నీళ్ల గొట్టం దిగే గోడ, ఈ మూడింటి పక్క నేల ఎప్పుడూ అనుమానమే.

తర్వాత దూలాలు. గోడలోకి దూరే చోట నల్లబడిందా, దూలం చుట్టూ పూత పగిలి కొత్తగా సందు కనిపిస్తోందా, దూలం ఆ సందులో కిందికి జారినట్టుందా. మట్టితో గీసిన గీతల్లాంటి చెదల దారులు ఉన్నాయా. ముదురు టేకు చేవకు చెదలు తొందరగా పట్టవు, కానీ అన్నీ చేవ దూలాలే వేసి ఉండరు, మధ్యలో రిపేరు పేరుతో ఏదో నాటు కర్ర ఇరికించి పోయినవాళ్లు చాలామంది, వరసలో ఒక దూలం రంగు, గాటు వేరుగా కనిపిస్తే అదే ముందు పోతుంది. దూలాల వరసను ఒక కొస నుంచి కన్ను ఆనించి చూడు, మధ్యలో ఒకటి మిగతా వాటికంటే కిందికి ఉందంటే దాని మీద నేల వేలాడుతోందని. కింది గది తలుపు చట్రం నలిగి తలుపు పట్టేస్తే, పై బరువు అటు దిగుతోందని. గోడ పొట్ట పెట్టి ఉంటే ఆ ఇంట్లోకి అసలు పోవద్దు.

కింద ఫాల్స్ సీలింగ్ కొట్టి ఉంటే? గది తాళం వేసి ఉంటే? చూడటానికి వీల్లేదు కాబట్టి ఆ పై గది నీకు లేదు. ఇందులో బేరం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చెప్పకపోతే నా మాట పట్టుకుని ఇంకో చోట పడతావు. కింద నుంచి చూడమన్నానే, అది బాల్కనీలకూ సన్‌షేడ్లకూ పనికిరాదు. సిమెంటు స్లాబులో గది మధ్య బరువు మోసే ఇనుప కడ్డీలు స్లాబు కింది భాగంలో ఉంటాయి, తుప్పు పడితే కింద పెచ్చులూడి కనిపిస్తాయి. బాల్కనీ ఒక పక్కే గోడను పట్టుకుని గాల్లో నిలుస్తుంది, దాని కడ్డీలు పై భాగంలో ఉంటాయి. నీళ్లు నిలిచేదీ పైనే. కింద చూస్తే నున్నగా రంగు కూడా పోకుండా ఉంటుంది, పైన కడ్డీ మాత్రం గోడ దగ్గర తెగిపోయి ఉంటుంది. అది కుంగదు, ఒకేసారి విరుగుతుంది. పాడుబడ్డ ఇంట్లో బాల్కనీలోకి ఫొటో కోసం కూడా వెళ్లొద్దు. నలుగురూ నిలబడి సెల్ఫీ అయితే మరీను.

స్లాబు ఇళ్ల గురించి మిగతాది తొందరగా చెప్తాను. సముద్రం దగ్గరి ఊరు కాబట్టి రాయపురం, తిరువొత్తియూర్, శాంథోమ్ వైపు ఉప్పుగాలికి కడ్డీలు తొందరగా తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే లోపలి నుంచి ఉబ్బి పెచ్చులు రాలగొడుతుంది. నాలుగు పెచ్చులు రాలినంత మాత్రాన స్లాబు కూలదు, కానీ కడ్డీలు బయటపడి పొరలు పొరలుగా ఊడుతుంటే, స్తంభాల్లో నిలువు పగుళ్లు ఉంటే, అది మీరు తిరగాల్సిన చోటు కాదు. 2021 డిసెంబరు 27న తిరువొత్తియూర్‌లో ప్రభుత్వ గృహ సముదాయంలో ఒక బ్లాకు కూలింది, 24 ఇళ్లు. ఒక్క ప్రాణం పోలేదు, ఎందుకంటే పగుళ్లు పెరగడం అందులో ఉన్నవాళ్లే గమనించి, అందరూ ముందే బయటికొచ్చేశారు. మనుషులు కాపురం ఉన్న ఇంటికీ పాడుబడ్డ ఇంటికీ తేడా అదే, నిన్న లేని పగులు ఈ రోజు వచ్చిందని చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఉండరు. మీరు చూసే పగులు పదేళ్ల కిందటిదో పొద్దునదో మీకు తెలియదు. కాస్త ఆనవాలు కావాలంటే పగులు లోపల చూడు, దుమ్ము, సాలెగూడు పట్టి ఉంటే పాతది, అంచులు పదునుగా లోపల రంగు తాజాగా ఉంటే కొత్తది. ఆ తాజా పగులు చూశాక కెమెరా బయటికి తీయకు, కాళ్లు బయటికి తీయి.

గోడౌన్లంటున్నావు, అక్కడ కప్పు వేరు. ఇనుప గర్డర్ల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులు ఉంటే ఒక కమాను పక్కదాన్ని నెడుతూ, పక్కది దీన్ని నెడుతూ నిలబడ్డాయన్నమాట, మధ్యలో ఒకటి ఊడి ఉంటే పక్కవాటికి ఎదురు నెట్టేవాళ్లు లేరు. పైన సిమెంటు రేకులుంటే వాటి మీద ఎక్కొద్దు, బోల్టుల వరస మీద నడిస్తే ఏం కాదని ఎవరో చెప్తారు, నమ్మొద్దు. ఎండకూ వానకూ పెళుసెక్కిన రేకు పిల్లి నడిస్తే ఊరుకుంటుంది, మనిషికి ఊరుకోదు. మధ్యలో వెలుతురు కోసం పెట్టిన ప్లాస్టిక్ రేకు మసి పట్టి పక్క రేకుల్లో కలిసిపోయి ఉంటుంది, అది ఇంకా ఘోరం.

కాలిన కట్టడమైతే గడప కూడా దాటొద్దు. చేపాక్ ప్యాలెస్‌లో కలస్ మహల్ 2012 జనవరిలో తగలబడినప్పుడు, లోపలికి వెళ్లిన అగ్నిమాపక అధికారి ఒకరు కట్టడం కూలి చనిపోయారు. ఆ పనిలో శిక్షణ ఉన్న మనిషి. దాన్ని తర్వాత ప్రభుత్వం బాగుచేయించింది, అది వేరు, కానీ కాలిపోయి వదిలేసిన చిన్న చిన్న గోడౌన్లు ఈ ఊళ్లో ఎవరూ బాగుచేయించరు.

కొత్తది కదా అని సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంట్లలోకీ దూరుతుంటారు కుర్రాళ్లు. మౌలివాక్కం గుర్తుందా? 2014 జూన్ 28న కడుతుండగానే 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది పోయారు, అందులో మన విజయనగరం, శ్రీకాకుళం నుంచి కూలి పనికి వచ్చినవాళ్లు ఎందరో. దాని పక్కన అలాంటిదే ఇంకోటి రెండేళ్లకు పైగా ఖాళీగా నిలబడింది, 2016 నవంబరు 2న పేల్చి కూల్చారు. చూడటానికి కొత్తదే అది. ఇలాంటి చోట్ల లిఫ్టు గుంతలకు తలుపులుండవు, గొట్టాల కోసం వదిలిన కన్నాల మీద ఒక ప్లైవుడ్ ముక్క పరిచి పోతారు, దాని మీద సిమెంటు దుమ్ము పడి నేలతో కలిసిపోతుంది. నేల మీద పడి ఉన్న ఏ ప్లైవుడ్ ముక్కనైనా, రేకునైనా కన్నంగానే లెక్కేసుకో.

కింది అంతస్తు కదా, పడినా ఎక్కడికి పోతాం అనుకుంటారు. పాత ఇళ్ల పెరట్లో బావి ఉంటుంది, ముందు వాకిట్లో సంపు, వెనక సెప్టిక్ ట్యాంకు. వీటి మీద మూత చాలాసార్లు మన కడప బండే, ఈ ఊళ్లో అటకలకూ అదే, సంపు మూతలకూ అదే. నల్లగా, గట్టిగా కనిపిస్తుంది కానీ వంగే గుణం లేదు, పొరలు విడిచిందంటే టప్పున రెండు ముక్కలు. గడ్డి మొలిచిన పెరట్లో కర్రతో పొడుచుకుంటూ నడవండి, మీ కర్ర పనికొచ్చే చోటు ఇదే. సెప్టిక్ ట్యాంకులోనో బావిలోనో ఎవడైనా పడితే వెనకే ఇంకొకడు దూకొద్దు, ఆ గాలికి ఇద్దరూ పోతారు, ఫైర్ వాళ్లకు 101కి గానీ, 112కి గానీ ఫోన్ చేయండి.

కాలు దిగితే ఏం చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు తప్పు చేశారని నా అనుమానం. దిగినవాడు లేచి నిలబడటానికి గింజుకోకూడదు. వెంటనే వెనక్కి, వచ్చిన వైపుకే, వెల్లకిలా పడిపోవాలి, బరువు పరుచుకుంటుంది. మిగతావాళ్లు దగ్గరికి పరిగెత్తకూడదు, గడప దాటి బయట ఉండి తాడో బెల్టో విసరాలి. వాడు పాకుతూ రావాలి. అందరూ బయటికొచ్చాక కింది గదిలోకి "ఎలా కనిపిస్తోందో చూద్దాం" అని వెళ్లకూడదు. నలుగురు వెళ్తే ఒకడు ఎప్పుడూ బయట ఉండాలి, ఏ ఇంట్లో ఉన్నారో రూమ్‌మేట్‌కు మెసేజ్ పెట్టి ఉండాలి. నడిచేటప్పుడు ఒకరి వెనక ఒకరు, మధ్యలో పదడుగులు, ఒకే దూలం మీద ఇద్దరు పడకుండా.

పర్మిషన్ సంగతి రెండు ముక్కలు. వాచ్‌మన్‌కు రెండొందలిస్తే అది పర్మిషన్ కాదు, ఓనర్ కంప్లైంట్ ఇస్తే, అడక్కుండా చొరబడినందుకు భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ఉంది, ఐటీ ఉద్యోగం చేసుకునేవాడికి ఆ తలనొప్పి ఎందుకు? కానీ వాచ్‌మన్ దగ్గర ఇంకోటి దొరుకుతుంది, ఏ గదిలో వాన పడుతుందో, ఏ మెట్టు కదులుతుందో, ఏ మూలకు తను పోడో ఆయనకు తెలుసు. ఆయన పోని చోటికి నువ్వూ పోకు. ఓనర్ని అడిగితే చాలామంది సరేనంటారు కూడా, పాత ఇల్లు పడగొట్టే ముందు నాలుగు ఫొటోలు ఉంటే బాగుండనే వాళ్లు నాకు చాలామంది తగిలారు, ముఖ్యంగా షావుకారుపేట వైపు మనవాళ్ల ఇళ్లలో.

మన్నడి ఇంటికి మళ్లీ వెళ్లాలని ఉంటే జనవరి దాటాక, నాలుగు వారాలు ఎండ కాశాక, ఓనర్ని అడిగి వెళ్లు. ఆ పై గదిలోకి కాదు. కింద ముట్రం ఉంటుంది కదా, నడి వాకిలి, అక్కడ నిలబడి పైకి తీయి, పదకొండింటి ఎండ నేరుగా దిగుతుంది, దూలాలూ ఇటుకల ఐమూల వరసలూ నువ్వు పై నుంచి ఎంత తిరిగినా రానంత బాగా వస్తాయి. తీశాక ఒక కాపీ నాకు పంపు, ఏ దూలం పోయిందో నేను చెప్తాను.

అన్నట్టు, మీవాడికి గీసుకుంది తుప్పు మేకో, పాత ఇటుకో, టీటీ ఇంజెక్షన్ వేయించాడా? ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు. నెలయింది, ఇప్పుడెందుకులే అంటాడేమో, వదిలిపెట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అడిగించు.